పాడుపెట్టిన యింటి వెలుగు

శ్రావణ బహుళమున ఒకనాటి సాయంసంధ్య. ఉదయము మొదలు కురిసి కురిసి డస్సిన కారుమొయిళ్ళు తడిసిన గొంగళులవలె సామర్లకోట పట్టణముమీద వ్రేలాడుచుండెను. క్రొత్తనీటితో ఎఱ్ఱబాఱి ఒడ్డుల నొరసికొని పాఱుచున్న గోదావరికాలువ గుఱ్ఱపుడెక్కతీగల గుంపులను మోసికొని నిశ్శబ్దముగా దిగువకు సాగిపోవుచుండెను. నాట్లు ముగిసిన పొలములనుండి ఎడతెగని మండూకఘోషము పుట్టి ఊరి యంచులను ముంచుచుండగా స్టేషనున ఆగి కదలిన రైలుబండి కూత తడిగాలిలో నాని మెత్తనై వినవచ్చెను. ప్రొద్దుగ్రుంకినదో లేదో తెలియరాని ఆ మసకవేళ కాలువగట్టు వీధిలోని గృహములయందు ఒక్కటొక్కటిగా దీపములు వెలుగుచుండగా వాని నడుమ ఒక యిల్లు మాత్రము ఊడిన పంటి సందువలె నల్లగా నుండెను.

ఆ యింటి వీధితలుపునకు తాళము వ్రేలాడుచుండెను. తాళమునకు అడ్డముగా రేగుకంప కట్టబడియుండెను. ముంగిట ముగ్గులేదు. అరుగుమీద నిలిచిన వాననీటిని తుడిచినవారు లేరు.

ఎదుటియింటి కిటికీకడ చాపమీద కూర్చుండి ఆ యింటినే చూచుచున్న స్త్రీ పేరు మాణిక్యాంబ. ఆ యిల్లు ఆమెదే. నాలుగు దినముల క్రిందట ఆమె పెనిమిటి భావనారాయణ ఆ యింట కన్నుమూసెను. ప్రాణము పోయిన ముహూర్తమున ధనిష్ఠానక్షత్రము నడచుచున్నందున ఆఱుమాసములపర్యంతము ఆ గృహమున మనుష్యసంచారము కూడదనియు దీపము పెట్టరాదనియు అట్లు ఇల్లు పాడుపెట్టనిచో ఆ వంశమున మఱియొక ప్రాణము తప్పక పోవుననియు పురోహితులు సోమయాజులుగారు పంచాంగము మడిచి నిశ్చయించి చెప్పిరి. అందువలన శవము వీధి మలుపు దాటులోపలనే తలుపులును కిటికీలును త్వరత్వరగా బిగింపబడెను. తాళపుచెవిని చీరచెఱగున ముడివేసికొని ఆ యిల్లాలు ఎదుటియింటనున్న ఆడపడుచు కామేశ్వరి పంచకు చేరెను. ఆ తొందరలో మీటరు ప్రక్కనున్న పెద్దస్విచ్చును కట్టివేయవలెనను తలంపు ఎవ్వరికిని రాలేదు.

సంతానము లేని ఆ దంపతులు నలువదియొక్క సంవత్సరములు ఒకరి మాట కొకరు మాట చెప్పికొనుచు కాలము గడిపిరి. ఇప్పుడు చెప్పువాడు లేడు. మాణిక్యాంబకు ఏడ్పు రాలేదు. వచ్చి పలుకరించువారందఱును అందులకు వెఱచుచుండిరి.

అట్లు చూచుచుండగనే ఆ నల్లని యింటి వంటగది కిటికీపైనున్న గాజుపలక తెల్లగా వెలిగెను.

కొన్ని క్షణములకు నడవలోని దీపము వెలిగెను. తరువాత పడకగదిలోని దీపము వెలిగెను. వంటగది చీకటిపడెను. నడవ చీకటిపడెను. పడకగదిలోని వెలుగు మాత్రము రెండు నిమిషములకాలము నిలిచి ఆఱిపోయెను. భోజనానంతరమున నూఱడుగులు వేయవలెనని ఆ గదినుండి ఈ గదికి నడచి తుదకు మంచముమీద కూర్చుండు మనుష్యుని నడక ఎట్లుండునో ఆ దీపముల నడకయు అట్లే యుండెను.

ఆ దీపముల వృత్తాంతము చెప్పవలసియున్నది. భావనారాయణ విద్యుచ్ఛాఖలో స్తంభముల నెక్కు పనితో చేరి లైన్ ఇన్‌స్పెక్టరై ఉద్యోగము విరమించిన మనుష్యుడు. కరెంటు ఎచ్చట పుట్టి ఎన్ని కొండలు దాటి ఎందఱి చేతులమీదుగా ఇంటికి వచ్చునో ఎఱిగినవాడగుటచే మనుష్యులు లేని గదిలో వెలుగు దీపము అతని కంటికి నేలపాలైన అన్నమువలె కనబడెడిది. భార్య వంటగదినుండి ఇవతలికి రాగానే అతడు వెనుకనుండి పోయి దీప మార్పెడివాడు. ఆమె మఱల వేసెడిది. ఈ కలహమునకు ముగింపుగా అతడు తన చేతిక్రింద పనిచేసిన దావీదను ఎలక్ట్రీషియనును పిలిపించి ప్రతిగది కప్పునకును కోడిగ్రుడ్డు పెంకంతటి తెల్లని సెన్సర్ల నమర్పించెను. ఆనాటినుండి ఆ యింట స్విచ్చును ముట్టినవారు లేరు. ఎవరైన అడుగుపెట్టినచో దీపము తానే వెలుగును. కదలిక యుడిగిన రెండు నిమిషములకు తానే ఆఱును.

"ఇది మనుష్యుని పోల్చుకొనదు. వెచ్చని యొడలు కదలినచో చాలును. రాజైన నొకటే బంటైన నొకటే," అని అతడు గర్వముతో భార్యకు బోధించెను.

"అగునగును. మీ యింట నిశ్చలముగా కూర్చుండి జపము చేసికొనుటకు వీలులేకపోయెను. నూటయెనిమిది నామములకు నాలుగుసార్లు చీకటిపడుచున్నది. కూడలిలో పోలీసువలె చేతు లూపుచు జపించుచున్నాను," అని ఆమె ఎత్తిపొడిచెను.

"దేవునికి చీకటిలో కనబడదా యేమి?" అని అతడు నవ్వెను.

వీధిలో తిరుగు బూడిదరంగు పిల్లి యొకటి వంటగది కిటికీనుండి వచ్చుచు పోవుచు నుండెడిది. తెల్లవాఱుజామున అది పాలకై వచ్చునప్పుడును దీపము వెలిగెడిది. దానిని చూచి భావనారాయణ దానికి అద్దెదారని పేరు పెట్టి "అద్దె యీయదు. కరెంటు మాత్రము వాడుకొనును," అని విసుగు నటించుచు తన కాఫీపాలలో సగము దాని మూకుడులో పోసెడివాడు.

అతడు మరణించినది దీపములవేళ. మూడుదినముల జ్వరము. మాణిక్యాంబ జావ కాచుటకై వంటగదికి పోయి గరిటె త్రిప్పుచు నడవకు ఆవలనున్న పడకగదివైపు మాటిమాటికి చూచుచుండెను. అతడు కాలు కదల్చుటచేతనో చేయి చాచుటచేతనో ఆ గదిలో దీపము వెలుగుచునే యుండెను. జావ పొంగినది. దానిని దించి ఆమె తలయెత్తునప్పటికి ఆ గది చీకటియై యుండెను. నిద్రపట్టినదని ఆమె సంతోషించి జావ చల్లార్చుచు కూర్చుండెను. ఎంతసేపటికిని దీపము వెలుగలేదు. గిన్నెతో ఆమె ఆ గదిలో అడుగిడగా దీపము వెలిగినది. వెలిగినది తన రాకకే యని మంచమును చూచినంతనే తెలిసినది.

దీప మాఱుటయే ఆయన పోవుటయై యుండగా దీపము వెలుగుట ఆయన వచ్చుట గాక మఱేమి యని ఆ నాలుగవనాటి సంధ్యవేళ కిటికీకడ ఆమె మనస్సు ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయగల భాగ మొకటి ఆమె హృదయమునందే యుండెను. ఆమె దాని నోరు నొక్కెను. అప్పుడు నాలుగు దినములుగా రాని కన్నీరు వచ్చెను.

అది మొదలు ప్రతిసంధ్యయందును ఆమె కిటికీ విడువదయ్యెను. కామేశ్వరి అన్నగారి యింటి వెలుగును ఆఱవనాడు చూచి వడివడిగా వదినెకడకు వచ్చెను.

"వదినా, కిటికీ మూసివేయుము. పిల్లలు జడిసెదరు."

"మూయకుము. మీయన్న మజ్జిగకై వెదకుచున్నాడు," అని మాణిక్యాంబ శాంతముగా పలికెను.

"ఏమి మాటలివి? పోయినవారు పోయినట్లుండవలెను."

"బ్రదికినన్నాళ్ళును నీ యన్న ఎవరి మాటయైన వినెనా? ఇప్పుడు వినుటకు."

కామేశ్వరి వదినె ముఖము వంక చూచి నిర్ఘాంతపోయెను. ఆ ముఖమున భయములేదు. సంబరమునకు పోవు కన్నెపిల్ల ముఖమున నుండు తహతహ యుండెను. వైధవ్యపు తొలిదినములయందు ఏ స్త్రీకిని దొరకని సుఖ మేదియో ఆమెకు దొరకినదని ఊహించి ఆ ఆడపడుచు జాలిచే తనయింటి పిల్లలను పెరటిగదిలో పరుండబెట్టుకొనెను.

ఎనిమిదవనాడు కామేశ్వరి తానే ఒక సందేహము తెచ్చెను. "వదినా, మీ యింట తిరుగు బూడిదపిల్లి యేమైనది? ఒకవేళ అది లోపల చిక్కుకొనలేదు కదా?"

శవమును చుట్టిన జనము నడుమ ఏడ్పులకు బెదరి ఆ పిల్లి అటుకమీదికి దూకుట మాణిక్యాంబకు గుర్తున్నది. దిగుట గుర్తులేదు. సరిగా ఆ క్షణమున కాలువవైపు ప్రహరిగోడమీద ఒక బూడిదపిల్లి ఒడలు నాకికొనుచు కనబడెను.

"అదిగో. అదియే కదా," అని కామేశ్వరి చూపెను.

ఆ గోడమీది పిల్లి తోకకొన తెల్లగా నుండెను. తమ యింటికి వచ్చు పిల్లి తోక కొనవఱకును బూడిదయే.

"అదియే," అని మాణిక్యాంబ పలికెను.

కాలువ రేవున కర్మలు ముగిసినవి. పదునొకండవనాటి సాయంకాలము మొదలు ఆమె ఒక గిన్నెలో పెరుగన్నము కలిపి అల్లపుముక్క నంజుగా పెట్టి తీసికొనిపోయి రేగుకంప క్రిందుగా తనయింటి గడపకు ఆనించి యుంచి ఎదుటి యరుగున నిలుచుండి లోపలి దీపములను చూచి మరలి వచ్చుచుండెను. ఆత్మకు అన్నము పెట్టుట తప్పుకాదని సోమయాజులుగారును సమ్మతించిరి. తెల్లవాఱునప్పటికి గిన్నె వట్టిదై యుండెడిది. కాకులో కుక్కలో తినియుండవచ్చును. ఆమె అట్లు తలపలేదు.

పండ్రెండవనాడు దావీదు పరామర్శకు వచ్చెను. పది సంవత్సరములు భావనారాయణ సంచి మోసి విద్య నేర్చినవాడు. వీధిలో నిలిచి ఆ యింటి దీపము వెలిగి యాఱుట చూచినవాడు. అతడు అరుగుమీద ఒక ప్రక్కగా కూర్చుండెను.

"అమ్మగారూ, మీ యింటిలో ప్రాణి యేదో యున్నది."

"ఉన్నది. నాకు తెలియును," అని మాణిక్యాంబ బదులు చెప్పెను.

"మీరు తలంచునది కాదమ్మా. ఆ సెన్సర్లను నేనే బిగించితిని. అవి వేడిని మాత్రమే చూచును. అయ్యగారు..." అని అతడు ఆగెను. ఆగి ఆ మాటను మింగుట కంటె చెప్పుటయే మేలని నిశ్చయించుకొనెను. "అయ్యగారు చల్లబడిరి కదా. నేనే కాళ్ళు పట్టుకొని చూచితిని. చల్లనిదాని కవి వెలుగవు."

వాకిటనున్న కామేశ్వరి ముందుకు వచ్చెను. "ఏమోయి దావీదూ, నీవు వైర్లు చూచుకొనుము. నక్షత్రముల సంగతి సోమయాజులుగారు చూచుకొందురు. గడువు తీఱక తలుపు తెఱచినచో పోవునది మా రక్తమున పుట్టినవాడు. నాకు ఇద్దఱు కొడుకులు."

"మీరు తెఱవవలదమ్మా. మీ లెక్క నాకు తగులదు కదా. తాళపుచెవి యిచ్చినచో నేనే పోయి తలుపు తీసి చూచి మరలి వచ్చెదను. అయ్యగారు ఖాళీగదిలో ఒక్క బల్బు వెలిగిన నోర్వనివారు. ఒక ప్రాణిని ఓర్చెదరా?"

ఆ మాటకు కామేశ్వరియు మెత్తబడెను. దావీదు వేఱు మతమువాడు. అతడు పోయినచో దోషము లేదేమో యని ఆమె కన్నులు వదినెవైపు తిరిగెను. ముడి మాణిక్యాంబ చెఱగున నున్నది. రెండువ్రేళ్ళతో విప్పినచో చాలును.

ఆమె వ్రేళ్ళు ముడిమీదికి పోయినవి. తలుపు తెఱచినచో ఏమి జరుగునో ఆమె కన్నులకు కట్టెను. దావీదు చంకలో బూడిదపిల్లిని పెట్టుకొని నవ్వుచు వెలుపలికి వచ్చును. కామేశ్వరి నవ్వును. వీధి యంతయు నవ్వును. ఆ సంధ్యవేళ దీపము వెలుగదు. మఱునాడును వెలుగదు. బ్రదికినన్నాళ్ళును వెలుగదు. జావగిన్నెతో ఆ చీకటిగదిలో ఆమె మఱల అడుగుపెట్టవలసియుండును. అతడొకసారి చచ్చెను. ఇప్పుడు తన చేతులతో తాళము తీసి రెండవసారి చంపుకొనవలెనా?

"తాళపుచెవి ఈయను," అని ఆమె పలికెను. "వంశమునకు హాని యని పెద్దలు చెప్పిన పని నా మూలమున కారాదు."

"పోనిండు. మీటరుకడ పెద్దస్విచ్చయినను కట్టివేయుదునా?"

"ఆయన చీకటిలో తిరుగవలెనా?"

దావీదు లేచి చేతులు జోడించెను. పెద్దయింటి మాటకు ఎదురాడుట ఎఱుగనివాడు. వీధిలోనికి దిగి ఒక్కమాఱు వెనుదిరిగి ఆమె కన్నులలోనికి చూచి తాను చెప్పినది ఆమెకు ముందుగనే తెలియునని గ్రహించెను. ఆ గ్రహింపును తనతో తీసికొనిపోయెను.

పదునైదవనాడు వాన వెలిసి గాలి స్తంభించియుండెను. మాణిక్యాంబ యథాప్రకారముగా గిన్నెను గడపకు ఆనించి వంగి లేచునంతలో తలుపునకు ఆవల నేలకు జానెడెత్తున ఒక సన్నని చప్పుడు వినబడెను. గోరుతో కొయ్యను గీఱు చప్పుడు. అది యాగెను. తరువాత కంఠము పూర్తిగా రాని ఒక యరపు, అరపు కాదు, అరపుయొక్క అడుగంటిన శేషము, తలుపుసందున వెలుపలికి వచ్చెను. లోపల నున్నది అన్నపువాసన పసికట్టినది. అన్నమునకును దానికిని నడుమ రెండంగుళముల టేకుపలక యుండెను. చీరచెఱగున తాళపుచెవి యుండెను.

ఆమె ఎంతసేపట్లు నిలిచెనో ఆమె యెఱుగదు. కామేశ్వరి ఎదుటినుండి "వదినా" అని పిలిచెను. ఆమె మరలిపోయెను.

మఱునాడు ఆమె గిన్నెను గడపకు ఆనింపలేదు. మెట్లు దిగి వీధికాలువ ప్రక్కనున్న రాతిమీద పెట్టెను. అచ్చటికి ఏ చప్పుడును వినబడదు.

దీపములు క్రమముగా తక్కువయ్యెను. మొదట పడకగది వెలుగుట మానెను. ఆయన అలసిపోవుచున్నాడని ఆమె తనకు తాను చెప్పికొనెను. పిదప వంటగది వెలుగుట మానెను. ఆయనకు ఆకలి యుడిగినదని చెప్పికొనెను. కడపట వీధితలుపు వెనుకనున్న నడవదీప మొక్కటియే సంధ్యకొకమాఱు వెలిగి ఆఱుచుండెను. తనకొఱకే వాకిటికి వచ్చుచున్నాడని చెప్పికొనెను. ఇరువదిమూడవనాడు ఏ దీపమును వెలుగలేదు. ఆమె తెల్లవాఱువఱకును కిటికీకడ కూర్చుండెను. ప్రొద్దుపొడిచిన పిమ్మట లేచి ముఖము కడుగుకొని కామేశ్వరితో "మీయన్నకు సద్గతి కలిగినది," అని పలికెను.

"మంచిమాట, వదినా. ఇకనైన నాలుగు మెతుకులు తినుము," అని కామేశ్వరి సంతోషించెను.

కార్తికము గడచెను. ధనుర్మాసము గడచెను. ఎదుటియిల్లు నల్లగానే యుండెను. మాణిక్యాంబ అందఱితోడను మాటలాడుచు కూరలు తరుగుచు కామేశ్వరి పిల్లలకు తలలు దువ్వుచు ప్రశాంతముగా నుండెను. కాని పిల్లి యరచినచో ఆమె వినికిడి లేనిదానివలె పనిలో మునిగిపోవుచుండెను. పెరుగన్నము తినుట మానెను. కారణ మడిగినవారికి పైత్యమని చెప్పెను.

మాఘ బహుళమున గడువు తీఱెను. రేగుకంప తొలగింపబడెను. సోమయాజులుగారు పుణ్యాహవాచనమునకు కలశముతో వచ్చిరి. ఆఱుమాసములు మూతబడిన యింటి వైర్లను చూచుటకై కామేశ్వరి దావీదును పిలిపించెను. మాణిక్యాంబ ముడి విప్పి తాళపుచెవిని తానే తిప్పెను. తలుపు కొంత తెఱచికొని దేనినో త్రోచుచు ఆగినది. ఆమె సందునుండి లోనికి ఒదిగి పోయెను. ఆమె వెచ్చదనమునకు నడవలో దీపము వెలిగెను.

తలుపు క్రిందుగా ఎండి అట్టవలెనైన బూడిదపిల్లి పడియుండెను. తలుపు లోపలివైపున నేలకు జానెడెత్తువఱకు రంగు లేచిపోయి కొయ్య పీచుపీచుగా తేలియుండెను. వంటగదిలో బియ్యపుడబ్బా మూతమీద పండ్లగాట్లుండెను. స్నానపుగదిలోని బకెట్టు అడుగుదాక ఎండియుండెను. అన్నింటికంటెను భావనారాయణ కాఫీపాలు పోయు మూకుడు తన చోటునుండి నడవమీదుగా ఈడ్వబడి వీధితలుపువఱకు వచ్చియుండుట చూచి ఆమె గోడ పట్టుకొనెను.

వెనుకనుండి కామేశ్వరి తొంగిచూచెను. మొదట ముక్కు మూసికొని తరువాత బరువు దిగినదానివలె నిట్టూర్చి "అయ్యో నా తల్లీ. ఈ పిల్లినా మనము అన్నయ్య యనుకొన్నది? నేను భయపడి చచ్చితిని," అని నవ్వెను.

దావీదు నవ్వలేదు. పాతపత్రిక నొకదానిని పఱచి రెండుచేతులతో ఆ యెండిన దేహమును దానిమీదికి చేర్చి మడిచి కాలువగట్టునకు తీసికొనిపోయెను. మాణిక్యాంబ ముఖమును అతడు చూడలేదు. చూచినచో మేలై యుండునని ఆమె తలంచెను.

సోమయాజులుగారు గృహమధ్యమున మార్జాలము మృతి చెందుట దోషమనియు శాంతికి ముందు ప్రాయశ్చిత్తము చేసికొనవలెననియు చెప్పి ఆసనము వేయించిరి.

"పిల్లిని చంపినవారు వెండితో పిల్లిబొమ్మ చేయించి దానము చేయవలెను. ఇది మీకు తెలియక జరిగినది కావున పిండిబొమ్మ చాలును. తెలిసి చేసినదానికి వేఱు, తెలియక చేసినదానికి వేఱు," అని ఆ వృద్ధుడు దయతో వివరించెను. కామేశ్వరి బియ్యపుపిండి తడిపి క్షణములో ఒక పిల్లిబొమ్మను చేసి నోరు గీసి కన్నులకై రెండు మినపగింజలు గ్రుచ్చి ఇత్తడిపళ్ళెరమున నుంచెను.

కాలువగట్టునుండి మరలివచ్చిన దావీదు వాకిట దూరముగా నిలుచుండెను.

"చేయి చాపుడమ్మా. అజ్ఞానకృతమని సంకల్పము చెప్పెదను," అని సోమయాజులుగారు ఉద్ధరిణె నెత్తిరి.

"తెలిసియే చేసితిని," అని మాణిక్యాంబ పలికెను.

ఆమె కంఠము మెల్లగా నుండెను. అయినను అందఱును వినిరి.

"ఏమనుచున్నావు, వదినా?" అని కామేశ్వరి ఆమె భుజము పట్టుకొనెను.

"లోపల ఏమున్నదో నాకు తెలియును. అది తలుపు గీఱుట విన్నాను. తాళపుచెవి నా కొంగుననే యుండెను. మఱునాటినుండి గిన్నెను దూరముగా పెట్టితిని."

సోమయాజులుగారు ఉద్ధరిణెను దించి క్షణకాల మామెను చూచిరి. ఆయన ముఖమున కోపములేదు. దుఃఖితుల మాటలను ఏబది సంవత్సరములుగా వినినవారి ఓర్పు మాత్రమే యుండెను. "ఆఱుమాసముల శోకము మనస్సుచేత ఎన్నియో పలికించును. పిల్లి నిమిత్తము మీకు నరక మేమియు రాదు. నియమము పాటించి ఇల్లు మూసితిరి. మీయందు దోషములేదు."

"మీరు పెట్టుమన్న గడువునుబట్టి నేను మూసియుంచలేదు. ఆయన ఉన్నాడని నమ్ముటకు మూసియుంచితిని."

"సరి, సరి. చేయి చాపుడు."

ఆమె దావీదువైపు చూచెను. ఆ వాకిట నున్నవారిలో ఆమె మాట నిజమని ఎఱిగినవాడు అతడొక్కడే. ఔనని అతడొక్కమాట చెప్పినచో ఆమె పాపము ఆమెకు దక్కును. అతడు తలవంచుకొని "పోనిండమ్మా. పిల్లియే కదా," అని గొణిగెను. ఆమెను కాపాడుటకై అతడు పలికిన మాట అది.

కామేశ్వరి వదినె చేతిని తన చేతితో పట్టి ముందుకు చాపించెను. సోమయాజులుగారు అజ్ఞానకృత మార్జాలవధదోష పరిహారార్థమని గడగడ చదివి ఆ మాటను మఱల అనుమనిరి. ఆమె అనలేదు. ఆమెకు మాఱుగా కామేశ్వరి అనెను. నీరు విడువబడెను.

లోకము తనకు నష్టము చేసిన తప్పులను మాత్రమే తప్పులని వ్రాసికొనును. తక్కినవానిని పిండిబొమ్మలతో సరిపుచ్చి చేసినవారి నోరు కప్పి ఇంటికి పంపును. అట్లు పంపబడినవారు ఎవ్వరును మోపని బరువును ఎవ్వరును దింపలేక మోయుచు మిగిలిన యేండ్లు గడపవలసియుండును.

మాణిక్యాంబ అరచేతినుండి జాఱిన నీరు పళ్ళెరములోని పిండిపిల్లిమీద పడెను. కామేశ్వరి గోటితో గీసిన దాని నోరు ఆ తడికి మెత్తబడి మెల్లగా మూసికొనిపోయెను. కన్నులు మాత్రము నల్లగా తెఱచికొనియే యుండెను.